ఏ పసుపుది?

మా అమ్మ రేపల్లెలో ఉంటుంది. కీళ్ళవాతం. ఆమె మందుల డబ్బాలో రెండు చిన్న పసుపు మాత్రలున్నాయి. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రెండోది ఫోలిక్ యాసిడ్, మిగతా రోజుల్లో. ఒకసారి మందుల షాపులో కవర్ల మీద రాసేటప్పుడు ఎవరో ఆ రెంటినీ తారుమారు చేశారు. తొమ్మిదో రోజుకి అమ్మ నాలుక ఎర్రగా పుండైపోయి, పెరుగన్నం కూడా మింగలేకపోయింది. తెనాలి తీసుకెళ్తే డాక్టరుగారు నోరు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, పసుపు మాత్ర వారానికొకసారి వేసుకుంటున్నారా, రోజూనా?"

"ఏ పసుపుదండీ?" అంది అమ్మ.

న్యాయమైన ప్రశ్నే. ఆ రెండు మాత్రలూ పసుపుగా ఉండటం యాదృచ్ఛికం కాదు. రెంటిలోనూ ఉన్నది ఒకే ఉంగరం, టెరిన్. 1889లో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ ఈ పసుపుని సీతాకోకచిలుకల రెక్కల్లో గమనించాడు. 1925లో వీలాండ్, షాఫ్ దాన్ని విడదీసి, గ్రీకులో రెక్క అనే మాట నుంచి పేరు తీసి పెట్టారు. దాని నిర్మాణం తేలడానికి 1940 దాకా పట్టింది. అప్పటికి అది కీటకాల రంగు, అంతే. మనిషికి దాంతో పనేంటి?

ఆ పనేమిటో తేల్చిన వాళ్ళలో మనవాడొకాయన ఉన్నాడు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళలో ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి నేను విన్నది ఒక్కటే: పాపం, నోబెల్ ఇవ్వలేదు. మనకి ఆయన ఒక అన్యాయం కథ. రసాయనశాస్త్రం ఎవరూ చెప్పరు. నాకైతే అసలు కథ అక్కడే ఉంది.

1895లో భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారని జీవితచరిత్రలు చెబుతాయి. తనకీ వచ్చింది. స్ప్రూలో పేగులు ఆహారాన్ని పీల్చుకోవు. విరేచనాలు, రక్తహీనత, నాలుక ఎర్రగా పుండవడం. తర్వాత బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ కూడా అక్కడివే. 1940లో లెడర్లీ కంపెనీకి మారాడు.

అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వ్యాసం మీద చాలా పేర్లున్నాయి, ఒక్కడి ఘనత అనుకోకూడదు. మూడు ముక్కలు అతికించిన అణువు అది. ఆ ముక్కల్లో ఒకటి సీతాకోకచిలుక రెక్కలోని ఉంగరం. స్ప్రూ రోగుల రక్తహీనతకీ నాలుక పుండుకీ అది మందయింది.

తర్వాత అదే బృందం ఆ అణువుకి దొంగ నకలు చేసింది. టెరిన్ ఉంగరం మీద ఒక ఆక్సిజన్ తీసేసి అక్కడ అమైనో గుంపు పెట్టారు. డోరిస్ సీగర్, ఆమె సహచరులు 1947లో ప్రకటించిన అమినోప్టెరిన్ అది. మా కోడు భాషలో చెప్పాలంటే ఒక్క అక్షరం తేడా. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము అసలుదాని కంటే ఈ నకలుని ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుని వదలదు. కణం డీఎన్ఏ కట్టుకోలేక ఆగిపోతుంది. సిడ్నీ ఫార్బర్ దాన్ని బోస్టన్‌లో లుకేమియా పిల్లలకిచ్చి 1948 జూన్‌లో ఫలితం ప్రచురించాడు: 16 మందిలో 10 మందికి, తాత్కాలికంగానే అయినా, మేలు కనిపించింది. ఆ ఆగస్టులో సుబ్బారావు పోయాడు. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కి తమ్ముడు.

అంటే మా అమ్మ నోట్లో తొమ్మిది రోజుల్లో తయారైంది, స్ప్రూలో వచ్చే ఆ పుండుకి దగ్గరి చుట్టమే. ఒక తేడా ఉంది. ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ ఎంత మింగినా పెద్దగా లాభం లేదు, ఎందుకంటే దాన్ని వాడకంలోకి తెచ్చే ఎంజైమే జామైపోయింది. తెనాలిలో ఇచ్చింది ఫోలినిక్ యాసిడ్. అది ఆ ఎంజైముతో పని లేకుండా పక్కదారిన పోతుంది.

అదే ఎంజైముకి ఇంకో ఉద్యోగం ఉందని సుబ్బారావుకి తెలిసే అవకాశం లేదు. ఫోలిక్ యాసిడ్ మనం తినాలి. కానీ టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే ఇంకో టెరిన్‌ని మన ఒళ్ళే చేసుకుంటుంది. ఫినైలలనిన్ టైరోసిన్‌గా మారడానికి అది కావాలని 1960ల మొదట్లో సేమర్ కాఫ్మన్ తేల్చాడు. డోపమిన్, సెరటోనిన్ తయారీకీ అదే కావాలి. 1987లో రక్తనాళాల్ని వదులుచేసే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని బయటపడింది. గుండెజబ్బు వాళ్ళు జేబులో పెట్టుకు తిరిగే సార్బిట్రేట్ చివరికి ఇచ్చేదీ ఆ వాయువే. 1998 నోబెల్ దీనికే. ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైముకి కూడా ఈ టెరిన్ తోడుండాలని 1989లో తెలిసింది. అది చాలకపోతే ఆ ఎంజైమే దారి తప్పి, రక్తనాళానికి హాని చేసే సూపరాక్సైడ్‌ని వదులుతుంది. వాడకంలో సగం పాడైన ఆ టెరిన్‌ని బాగుచేసి మళ్ళీ పనిలో పెట్టే దారుల్లో ఒకటి, మెథోట్రెక్సేట్ పట్టుకు కూర్చునే ఎంజైము గుండానే పోతుంది.

ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో ఇవన్నీ చదువుతుంటే, నోరు మెదపలేక చేత్తో సైగ చేసింది, ఏంటది అని. సీతాకోకచిలుకలమ్మా అన్నాను. వీడికేమైనా పిచ్చా అన్నట్టు చూసింది.

ఇప్పుడు మెథోట్రెక్సేట్ షీటు మందుల డబ్బాలో ఉండదు. బీరువాలో, పట్టుచీరల కింద. శనివారం రాత్రి నేను ఫోన్ చేస్తాను.

"వేసుకున్నావా?"

"ఏ పసుపుది?" అంటుంది, కావాలనే.