రాయబారమునకు వెళ్ళిన మృగములు

రాజు రాజునకు పంపు కానుకలలో బంగారమునకు తూకము కలదు, రత్నమునకు వెల కలదు, పట్టువస్త్రమునకు కొలత కలదు. కాని ఒక దేశపు అడవిలో పుట్టిన మృగమును పట్టి, సముద్రములు దాటించి, అట్టి ప్రాణిని కలలోనైన కనని మరియొక దేశపు రాజద్వారమున నిలిపినప్పుడు, ఆ కానుకకు వెల కట్టుట ఎవరి తరమును కాదు. అందువలననే రెండువేల సంవత్సరములకు పైబడి దూరదేశపు జంతువు రాయబారుల వెంట నడచుచు, సంధులకు సాక్షిగను, వరములకు ముడుపుగను, ఒక్కొక్కప్పుడు నిరాకరణమునకు పరిహారముగను ఉపయోగపడుచు వచ్చినది. ఏనుగునిచ్చి అంకుశమునకు తగవులాడినట్లని మన పెద్దలు లోభిని నిందింతురు. జంతుదానముల చరిత్రను మొదటినుండి తిరుగవేసి చూచినచో, ఏనుగును ఇచ్చినవారు పెక్కుమంది కానవత్తురు గాని, దానితో అంకుశమును, అనగా దానిని సాకెడి మావటిని, మేతను, ఆ విద్యను గూడ ఇచ్చినవారు కొందరే కానవత్తురు. ఆ ప్రాణుల బ్రదుకును చావును నిర్ణయించినది ఈ భేదమే.

ఈ ఆచారపు ప్రాచీన ఘట్టములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన దేశమునకు చెందినదే. క్రీ.పూ. 303 ప్రాంతమున చంద్రగుప్త మౌర్యునితో సంధి చేసికొన్న గ్రీకు ప్రభువు సెల్యూకసు, సింధునదికి పడమటనున్న ప్రాంతములను వదలుకొని, ప్రతిగా 500 ఏనుగులను పొందెనని గ్రీకు గ్రంథకర్తలు వ్రాసిరి. క్రీ.పూ. 301లో ఆసియా మైనరులోని ఇప్ససు యుద్ధమున ఆయన శత్రువైన ఆంటిగోనసు ఓడి మరణించుటకు ఆ గజబలమే ముఖ్యకారణమయ్యెను. అది వట్టి వేడుక కానుక కాదు, సేనాసంపత్తి. మావటీలు లేనిదే అట్టి సేన ఒక్క అడుగైనను కదలదు గనుక, అక్కడ ఏనుగును అంకుశమును కలసియే ప్రయాణము చేసినవి.

తరువాతి కాలమున ఒంటరి ఏనుగుల కథలు మొదలైనవి. ఫ్రాంకుల ప్రభువైన షార్లమేను 797లో బాగ్దాదునకు ముగ్గురు దూతలను పంపగా, ఇరువురు మార్గమధ్యముననే మరణించిరి. మూడవవాడైన ఐజాక్ అను యూదుడు, ఖలీఫా హారూన్ అల్ రషీదు ఇచ్చిన అబుల్ అబ్బాసు అను ఏనుగును వెంటబెట్టుకొని, ఉత్తరాఫ్రికా తీరమునుండి ఓడలో ఇటలీకి చేరి, చలికాలమంతయు అక్కడ ఆగి, మంచు కరగిన పిదప ఆల్ప్సు పర్వతములను దాటి, 802 జూలైలో ఆఖెన్ నగరమున తన రాజు సమ్ముఖమునకు వచ్చెను. ఐరోపా చలిలో ఆ ఏనుగు 810 వరకు జీవించినదనగా, కనుమలు తెరచువరకు ఓపికతో వేచియుండి దానిని నడిపించుకొని వచ్చిన ఆ దూతను కొనియాడక తప్పదు.

ఇంగ్లండులో మూడవ హెన్రీ రాజునకు ఇట్టి కానుకలు వచ్చినవి. 1252లో నార్వేనుండి వచ్చిన తెల్ల ఎలుగుబంటిని లండను టవరులో ఉంచి, దానికి పొడవైన త్రాడు కట్టి, థేమ్సు నదిలో దిగి చేపలు పట్టుకొనునట్లు ఏర్పాటు చేసిరి; దాని స్వభావమెరిగి చేసిన ఏర్పాటు అది. 1255లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ పంపిన ఏనుగునకు మాత్రము 40 అడుగుల పొడవును 20 అడుగుల వెడల్పును గల ఇల్లు కట్టించి, తమ కర్తవ్యము తీరినదనుకొనిరి. ఆ ఏనుగు రెండు సంవత్సరములలోనే గతించెను.

తూర్పు దేశములలోను ఈ మర్యాద వర్ధిల్లెను. 1414లో బంగాళ సుల్తాను చీనా చక్రవర్తియైన యుంగ్లోకు ఒక జిరాఫీని పంపగా, ఆ దేశపు విద్వాంసులు దానిని తమ ఇతిహాసములలో వర్ణితమైన కిలిన్ అను శుభమృగముగా భావించిరి; ధర్మప్రభువు పాలించునప్పుడే అది అవతరించునని వారి విశ్వాసము. షెన్ డూ అను ఆస్థాన పండితుడు దానిపై ప్రశస్తి వ్రాసెను. మరుసటి సంవత్సరము ఆఫ్రికా తీరమందలి మలిందీనుండి మరియొక జిరాఫీ వచ్చెను. మన దక్షిణాపథమున జాతిగుఱ్ఱము అట్టి అపురూప వస్తువు. శ్రీనాథునికి కనకాభిషేకము చేసిన ప్రౌఢదేవరాయల దర్శనమునకు 1443లో విజయనగరము చేరిన పారశీక రాయబారి అబ్దుర్ రజాకు, కానుకలుగా గుఱ్ఱములను పట్టువస్త్రములను సమర్పించెను. జహంగీరు పాదుషా తనకు 1621లో లభించిన జీబ్రాను చూచి, చారలు ఎవరో రంగువేసినవని మొదట శంకించి, పరీక్షింపజేసి, నిజమని తెలిసిన పిమ్మట దానిని ఉస్తాదు మన్సూరు చేత చిత్రింపజేసి, పారశీక ప్రభువైన షా అబ్బాసుకు పంపు కానుకలలో చేర్చెను.

పోర్చుగీసు రాజు మాన్యుయెలు చేసిన దానములలో ఈ ఆచారపు వైభవమును విషాదమును రెండును పరాకాష్ఠ నందినవి. ఇండియా సముద్రమార్గము తనకే దక్కవలెనని కోరిన ఆయన, పోపు పదవ లియోకు 1514లో మన దేశపు ఏనుగునొకదానిని పంపెను. హన్నో అను పేరుగల ఆ ఏనుగు రోము వీథులలో ఊరేగి, పోపు ఎదుట మోకరిల్లి, తొండముతో నీళ్ళు చిమ్మి, నగరమంతటిని మురిపించెను. అయితే 1516లో అది జబ్బుపడినప్పుడు, గజవైద్యమెరుగని రోము వైద్యులు బంగారము కలిపిన విరేచనౌషధము నిచ్చిరి. అది జూన్ నెలలో మరణించెను. పోపు దుఃఖించి, రాఫేలు చేత దాని రూపమును చిత్రింపజేసెను.

అదే కాలమున గుజరాతు సుల్తాను ముజఫర్ షా, దీవు రేవులో కోట కట్టుకొనుటకు అనుమతి వేడిన పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్కుకు ఆ అనుమతిని నిరాకరించి, మర్యాద చెడకుండుటకై ఒక ఖడ్గమృగమును బహూకరించెను. కోటకు బదులు మృగము! అల్బుకెర్కు దానిని తన రాజునకు పంపగా, సుమారు 120 దినముల ప్రయాణానంతరము 1515 మే 20న అది లిస్బనులో దిగెను. రోమక సామ్రాజ్యము అంతరించిన తరువాత ఐరోపా ఖండము ఖడ్గమృగమును ప్రత్యక్షముగా చూచుట అదియే ప్రథమము. ఆల్బ్రెక్టు డ్యూరరు అను జర్మను చిత్రకారుడు దానిని చూడకయే, ఒక లేఖను రేఖాచిత్రమును ఆధారముగా గొని, భుజముపై లేని కొమ్మునొకదానిని చేర్చి, ఇనుప కవచము తొడిగినట్లు చెక్కిన ముద్రాచిత్రమును రెండువందల ఏండ్లకు పైగా ఐరోపీయులు యథార్థముగా నమ్మిరి. ఆ మృగమును గూడ మాన్యుయెలు పోపునకే పంపెను. 1516 ఆరంభమున ఇటలీ తీరమున తుఫానులో ఓడ మునుగగా, గొలుసులతో బంధింపబడిన ఆ ప్రాణి, ఈత నేర్చిన జాతిదైనను ఈదలేక ప్రాణము విడిచెను. దాని చిత్రము లోకమంతయు వ్యాపించినది. దానికి మాత్రము గొలుసు విప్పువారైనను లేకపోయిరి.

ఇచ్చినవాడొక్కడే అయినను సాకుటలోని భేదముచేత ఫలము ఎట్లు మారునో ఈజిప్టు పాలకుడు మహమ్మదాలీ ఇచ్చిన మూడు జిరాఫీల వృత్తాంతము విశదపరచును. గ్రీసు స్వాతంత్ర్య సమరమున ఐరోపా రాజ్యములు తనకు అడ్డుపడకుండుటకై ఆయన ఫ్రాన్సు, ఇంగ్లండు, ఆస్ట్రియా ప్రభువులకు వాటిని పంపెను. పారిసు జిరాఫీకి ఓడ పైతట్టున మెడ చాచుకొనుటకు రంధ్రము చేసిరి. పాలకొరకు ఆవులను తోడిచ్చిరి. అతీర్ అను సూడాను పరిచారకుని వెంట పంపిరి. అది 1826లో మార్సేల్సు రేవున దిగి, చలికాలము అక్కడ గడపి, 1827 మే 20న బయలుదేరి, జోఫ్రువా సెంట్ హిలేరు అను జంతుశాస్త్రజ్ఞుని పర్యవేక్షణమున, వానకు తడియకుండ తొడుగు ధరించి, దాదాపు 880 కిలోమీటర్లు కాలినడకను పోయి, జూన్ 30న పారిసు చేరెను. పదవ చార్లెసు రాజు స్వహస్తముతో దానికి గులాబిరేకులు తినిపించెను. దుస్తులును కేశాలంకారములును దాని పేర వెలసినవి. ఆ అక్టోబరులోనే నవారినో యుద్ధమున ఫ్రెంచివారు ఇతరులతో కలసి మహమ్మదాలీ నౌకాబలమును ధ్వంసము చేసిరి గనుక, రాజనీతి దృష్టిలో ఆ కానుక విఫలమయ్యెను. అయినను, అతీరు సంరక్షణలో ఆ జిరాఫీ 1845 వరకు సుఖముగా జీవించెను. లండనుకు పోయినదానినో, తొలి ప్రయాణమున కాళ్ళు కట్టి ఒంటెపై మోసికొని వచ్చిరి. ఆ దెబ్బలనుండి అది తేరుకొనక 1829లో మరణించెను. వియన్నాకు పోయినదియు చిరకాలము జీవింపలేదు.

మన కాలమున రాజుల స్థానమును ప్రజాప్రభుత్వములు ఆక్రమించినవి. కానుక అందుకొనువారును మారిరి. 1943లో, బాంబుదాడిలో మృగములు తప్పించుకొని పోవునను భయముచేత, టోక్యోలోని ఉయెనో జంతుశాలలోని క్రూరజంతువులను చంపివేసిరి. అక్కడి మూడు ఏనుగులు ఆకలితో మాడి చచ్చినవి. యుద్ధానంతరము జపాను బాలబాలికలు ఒక ఏనుగును పంపుమని జవహర్‌లాల్ నెహ్రూకు జాబులు వ్రాయగా, ఆయన 1949లో మైసూరు ఏనుగునొకదానిని, తన కుమార్తె పేరిట ఇందిర అని నామకరణము చేసి, భారతదేశపు పిల్లలు జపాను పిల్లలకిచ్చు కానుకగా పంపెను. కన్నడ భాషలోని ఆజ్ఞలే ఎరిగిన ఆ ఏనుగుతో మావటీలును వెళ్ళి, జపాను పరిచారకులకు ఆ మాటలు నేర్పిరి. ఇందిర 1983 వరకు అక్కడనే జీవించెను. ఓడిన దేశపు పసిపిల్లలకు మనము పంపిన ఆ ఏనుగుతో అంకుశమును పంపితిమని తలచుకొన్నప్పుడు, స్వతంత్ర భారతము తొలినాళ్ళలో చేసిన పనులలో ఇది మిగుల సౌజన్యవంతమైనదని నా హృదయము పొంగును.

చీనా ప్రభుత్వము 1972లో అమెరికాకు రెండు పాండాలను పంపి, రెండు దశాబ్దముల వైరమును మెత్తబరచెను. వాషింగ్టనులో వాటికి ఐదు పిల్లలు పుట్టినను ఒక్కటియు బ్రదుకలేదు. ఇప్పుడు చీనా తన పాండాలను దానము చేయుట మాని, గడువు పెట్టి అద్దెకిచ్చుచున్నది. వాటితో పోషణ నియమములును వెంట పోవుచున్నవి. 1973లో వాషింగ్టనున కుదిరి, 1975లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక, నశించుచున్న జాతుల రాకపోకలకు కట్టుబాట్లు విధించినది.

ఇచ్చుట ఒకనాటి వేడుక, సాకుట ఒక జీవితకాలపు బాధ్యత. హన్నోయు, లిస్బను ఖడ్గమృగమును, లండను జిరాఫీయు ఆ బాధ్యతను విస్మరించిన ప్రభువుల దానములు. అబుల్ అబ్బాసును, పారిసు జిరాఫీయు, ఇందిరయు దానిని తలకెత్తుకొన్న మనుష్యుల పుణ్యములు. వీరిలో రాజుల పేర్లకంటె ఐజాకు, అతీరు, మైసూరు మావటీలు మనకు ఎక్కువ స్మరణీయులు. ఇకమీదట ఏ ప్రభుత్వమైనను ఒక ప్రాణిని స్నేహచిహ్నముగా పంపదలచినచో, స్నేహసందేశము వ్రాయుటకు ముందు, మేత ఏది, నీడ ఏది, చూచువాడెవడు అను మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనవలెను. ఆ సమాధానము దొరకని చోట, ఆ ప్రాణిని దాని అడవిలోనే ఉండనిచ్చుట ఉభయ దేశములకును మర్యాద.