కాజీపేటను పోషించిన సంస్థలు

రాత్రివేళ కాజీపేట స్టేషనులో బండి మారుటకై ప్లాటుఫారముపై గంటలకొలది కాచుకొని యుండినవారు మన శ్రోతలలో పెక్కురు కలరు. అట్టి వేళ ఈ యూరు రైలు పట్టాల కూడలియే గాని వేరొకటి కాదని తోచుట సహజము. కాని పట్టాలు రాకమునుపే ఇచట ఒక పేట యుండెను. ఓరుగల్లు ఖాజీగా నుండిన సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ (1795–1856) అను సూఫీ మహనీయుని వలననే ఊరికీ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. సఫర్ మాసమున ఆయన దర్గాలో జరుగు ఉర్సుకు మతభేదము లేక జనులు కూడివత్తురు.

దర్గాకంటెను ప్రాచీనమైన ఆధారము చెరువు. ఈ సీమలో చెరువు కేవలము జలాశయము కాదు, అదొక సంస్థ. కాకతీయుల నాడు చెరువు త్రవ్వించి కాపాడువారికి దశబంధమను మాన్యము లభించెడిది. ఆ మాటలోనే పదవ వంతను లెక్క యిమిడి యున్నది. ఏ మడికి ఎంత నీరు, ఎప్పుడు విడువవలెనో చూచుటకు గ్రామమునకొక నీరటి యుండెడివాడు. హనుమకొండ, కాజీపేటల జనులు త్రాగిన వడ్డేపల్లి చెరువు నీరు ఈ సంప్రదాయమునకు చెందినదే.

ఇక ఇనుపబాట. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో వచ్చిన రైలు, ఓరుగల్లు మీదుగా సాగి 1889 నాటికి బెజవాడ చేరినది. దానిని నడపిన కంపెనీ పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ 'గ్యారంటీ' ఎవరికో గమనింపదగును: లండనులోని వాటాదారులకు నిర్ణీతమైన లాభము రానియెడల ఆ లోటును నిజాం ఖజానా పూడ్చవలెను. అనగా మన రైతు చెల్లించిన శిస్తు, దూరదేశపు పెట్టుబడికి పూచీ నిలిచినది! 1930లో గాని ఆ రైల్వే నిజాం ప్రభుత్వపరము కాలేదు.

కాజీపేట దశ తిరిగినది 1929లో. ఆ యేట బల్లార్ష మార్గము పూర్తియగుటతో ఢిల్లీ, మద్రాసుల నడుమ దగ్గరి దారి యేర్పడెను. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ పుట్టినదియు ఆ సంవత్సరమే. ఉత్తరమునకు, దక్షిణమునకు, హైదరాబాదునకు పోవు త్రోవలు మూడును ఇచట కలిసినవి. ఆవిరియంత్రమునకు బొగ్గు కావలెను, నీరు కావలెను, డ్రైవరుకు విశ్రాంతి కావలెను. అందుచే లోకోషెడ్డు వచ్చెను, కార్మికుల క్వార్టర్లు వచ్చెను. వాన మీద ఆధారపడిన పల్లెలకు నెలజీతమను క్రొత్త పంట పరిచయమయ్యెను. ఆవిరి పోయి డీజిలు, పిదప విద్యుత్తు వచ్చినను షెడ్డులు ఊరిని విడువలేదు.

సమీపమున ప్రత్తి పండును. సింగరేణి బొగ్గు రైలుమీద వచ్చును. ఈ రెంటి బలముతో 1934లో వరంగల్లున ఆజంజాహీ మిల్లు వెలసెను. తరతరములు దానినే నమ్ముకొనిన కుటుంబములెన్నో! 2002 నాటికి అది మూతపడినది. పట్టణమునకు అన్నము పెట్టు నిర్ణయము ఊరి వెలుపల జరిగినప్పుడు, ఆ అన్నమును తీసివేయు నిర్ణయమును వెలుపలనే జరుగును. రైలుపెట్టెల కర్మాగారము కథయు ఇట్టిదే. 1980 తరువాత కాజీపేట ఆశపెట్టుకొనినది. కర్మాగారము పంజాబులోని కపుర్తలాకు పోయెను. 2014 నాటి పునర్విభజన చట్టములో తెలంగాణకు కోచ్ ఫ్యాక్టరీ విషయము పరిశీలింపవలెనని వ్రాసిరి. 2023 జూలై 8న గాని కాజీపేటలో రైల్వే తయారీ కేంద్రమునకు శంకుస్థాపన కాలేదు. ఆశపడినవారిలో కొందరు అంతలో ముసలివారైరి.

వెలుపలినుండి వచ్చినవన్నియు నిలువలేదనుట కూడ తప్పు. 1959 అక్టోబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగు కళాశాల కాజీపేట, హనుమకొండల నడుమ వేళ్లూనినది. 2002లో అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది.

ప్రజలు తామై కట్టుకొనిన వానిలో మొదట చెప్పవలసినది 1904లో హనుమకొండలో స్థాపితమైన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము. రాజభాష ఉర్దూ, బడిలో తెలుగునకు చోటు అరుదు. అట్టి రోజులలో చందాలు ప్రోగుచేసి తెలుగు పుస్తకములు బీరువాలలో నింపుట సామాన్యమైన సాహసము కాదు.

రెండవది ముల్కనూరు. ఒకప్పుడు కరీంనగరు జిల్లాలోనిదై, 2016 నుండి కాజీపేటయున్న జిల్లాలోనే చేరిన గ్రామము. పూర్వము తెలంగాణలో రైతు విత్తుల వేళ ధాన్యము అప్పు తెచ్చి, కల్లములోనే 'నాగు' వడ్డీతో కొలిచి యిచ్చి, వట్టి చేటతో ఇంటికి పోయెడివాడు. ఈ బాధను చూచిన అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు 1956లో ఇచట సహకార గ్రామీణ బ్యాంకును నెలకొల్పిరి. అప్పిచ్చి ఊరకుండుట దాని పద్ధతి కాదు. విత్తనము, ఎరువు తానే అందించును. పండిన పంటను తానే కొనును. బాకీ మినహాయించుకొని మిగిలినది రైతు చేతిలో పెట్టును. తరువాత వరి విత్తనముల శుద్ధి, ప్రత్తి జిన్నింగు కూడ చేపట్టినది. నా యెరుకలో సహకార సంఘములు ఎన్నియో ఎన్నికల గొడవలలో చెడినవి. అప్పును అమ్మకముతో ముడివేయుటయే దీనిని కాపాడినదని నా తలంపు. సభ్యునికి సంఘముతో పని ఏడాది పొడుగునను ఉండును గదా!

ఇందు స్త్రీల భాగము ఆలస్యముగా వచ్చినను చిన్నది కాదు. పొదుపు సంఘములలో రూపాయి రూపాయి కూడబెట్టి లెక్కలు నేర్చిన మహిళలు, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద తమ పాల సమాఖ్యను ఏర్పరచుకొని, 2002లో పాలసేకరణ ప్రారంభించిరి. పాలు పోయువారు స్త్రీలే, పాలకవర్గమున కూర్చుండువారును స్త్రీలే. అంతవరకు పాలు పిండుట ఆడవారి పని, పైకము పుచ్చుకొనుట మగవారి పనిగా సాగిన ఇండ్లలో, బిల్లు ఇల్లాలి పేరనే వచ్చుట మొదలయ్యెను.