హాజీ హుసేన్ కూర్చున్న కొలిమి

గంభీరావుపేట సీతారామస్వామి గుడిలో ఒక నందాదీపం ఉంది. కాకతీయుల కాలంలో వెలిగించినది, ఏడు వందల ఏళ్లుగా ఆరలేదని ఊరివాళ్లు నమ్మకంగా చెబుతారు. దర్శనం చేసుకుని అరుగు మీద కూర్చున్నప్పుడు, డిగ్రీ చదువుతున్న మా మేనల్లుడు సంచిలోంచి ఒక పుస్తకం తీశాడు. కంపెనీలు దేశాల హద్దులు దాటి వ్యాపారం ఎట్లా చేస్తాయో చెప్పే పాఠ్యపుస్తకం. వచ్చే సోమవారానికి దాని మీద ప్రాజెక్టు రాసివ్వాలట.

"మామా, ఇందులున్నయన్ని అమెరికా, జపాన్ కంపెనీలే. మనకాడ గిట్లాంటిది ఏదన్న ఉండెనా?"

ఉండె. ఒకటి కాదు, చాలానే ఉండె. అందులో ఒకటి మాత్రం నేను ఇరవై ఏళ్లుగా మనసులో పెట్టుకుని తిరుగుతున్నది. దాన్ని రాసిపెట్టిన మనిషి పోయి 2024కు సరిగ్గా రెండు వందల ఏళ్లు నిండాయి. ఆ ఏడాది మన దగ్గర ఎవరూ ఆయన్ను తలుచుకోలేదు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందు పాత సంగతులు కొంచెం. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున శాతవాహనుల తొలి నాణేలు దొరికాయి. పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేల కుండలతో పాటు రోమన్ నాణేలూ, కమ్మరి పనిచోట్లూ బయటపడ్డాయి. అంటే రెండు వేల ఏళ్ల కిందటే ఈ నేల మీది సరుకుకు సముద్రం అవతల గిరాకీ ఉంది. తర్వాత కొన్ని వందల ఏళ్లు మన ప్రాంతపు సముద్ర వర్తకం గురించి రాతలు పలచన. మళ్లీ 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం దగ్గర ఊపిరి పీల్చుకుంటాం. అంతకుముందు రాజులు గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా స్వాధీనం చేసుకునేవారట. గణపతిదేవుడు నిర్ణయించిన సుంకం తప్ప తాను ఏమీ తీసుకోనని రాతి మీద మాట ఇచ్చాడు. పరదేశి వర్తకుడికి కావలసింది మొదట భద్రత, తర్వాతే లాభం. ఆ సూత్రాన్ని ఇంత నిక్కచ్చిగా చెప్పిన పాలకులు ఆ కాలంలో ఎందరుంటారు?

కుతుబ్‌షాహీల కాలానికి మచిలీపట్నం రేవు పారసీక వర్తకులతో కిటకిటలాడింది. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, దమస్కు కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ నుంచే వస్తుందని రాశాడు. ఆ కాలంలోనే మరో ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఇందల్వాయి మీదుగా పోతూ, అక్కడ కత్తులు, బాకులు, ఈటెలు తయారవుతాయని రాసుకున్నాడు. ఇందల్వాయి ఇప్పటికీ నిజామాబాద్ దారిలో ఉన్న ఊరే.

ఇక నేను ఇన్నేళ్లుగా మనసులో పెట్టుకున్న ఊరు, కోనసముద్రం. సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, మెట్‌పల్లి దాటి పోతే కమ్మర్‌పల్లి మండలంలో వస్తుంది. చుట్టుపక్కలవాళ్లు కోనసముందర్ అంటారు. 1820 ప్రాంతంలో ఆ ఊరికి హెన్రీ వెస్లీ వాయిసీ అనే డాక్టరు వచ్చాడు. కర్నల్ లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఆయన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. జ్వరాలకు మందిస్తూ, దారి పొడవునా రాళ్లు కొట్టి చూస్తూ దక్కను అంతా తిరిగాడు. 1824లో కలకత్తా దారిలో చనిపోయాడు. ఆయన కాగితాల్లోంచి తీసిన కోనసముద్రం వ్యాసం 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రిక తొలి సంపుటంలో అచ్చయింది. మూడు పేజీలకు మించదు. నేను మాత్రం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

వాయిసీ చూసింది ఇది. ఉక్కుకు రెండు రకాల ఇనుము కావాలి. ఒకటి మీర్ట్‌పల్లిది అని రాశాడు. ఈ దారిలో తిరిగేవాళ్లకెవరికైనా అది మెట్‌పల్లి అనే వినిపిస్తుంది. అది నల్ల ఇసుక నుంచి తీసిన ఇనుము. రెండోది కొండాపూర్‌ది. మొదటిది మూడు పాళ్లు, రెండోది రెండు పాళ్లు. తూకం తప్పకూడదు. రెండూ మట్టి మూసలో పెట్టి, పైన మూసేసి, కొలిమిలో దించి ఇరవై నాలుగు గంటలు మంట తగ్గకుండా తోలుతిత్తులు ఊదాలి. ఒక పగలు, ఒక రాత్రి. తిత్తి ఆగితే సరుకు పోయినట్టే. చల్లారాక మూస పగలగొడితే అడుగున గట్టి ఉక్కు బిళ్ల. సుమారు ఒకటిన్నర పౌండ్లు, అంటే ఏడు వందల గ్రాములకు కాస్త తక్కువ. అది అప్పటికీ పనికిరాదు, సుత్తి పెడితే పగిలిపోయేంత పెళుసు. మట్టి పూసి మళ్లీ పన్నెండు, పదహారు గంటలు కాల్చాలి, చల్లార్చాలి, మళ్లీ కాల్చాలి. మూడోసారి, నాలుగోసారి. అప్పుడు గాని సుత్తికి లొంగదు.

ఆ కొలిమి పక్కన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. హాజీ హుసేన్. ఊరు ఇస్ఫహాన్. ఒకసారి వచ్చి సరుకు తీసుకుపోయి, మళ్లీ వచ్చిన వర్తకుడు. ఊరికే కూర్చోలేదు. ఇనుము పాళ్లు తూచేటప్పుడు తానే చూస్తున్నాడు, కడ్డీల గట్టిదనం పరీక్షించేటప్పుడు దగ్గరుండి గమనిస్తున్నాడు. ఈ ఊరూ, ఈ పనీ పారసీకులకు బాగా తెలుసని, ఈ ఉక్కును తమ దేశంలో చేయాలని ప్రయత్నించి కుదరక వదిలేశామని ఆయనే వాయిసీతో చెప్పాడు.

ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఇస్ఫహాన్ ఎక్కడ, కోనసముద్రం ఎక్కడ! ఎడారి దాటి రేవుకు రావాలి, ఓడెక్కి అరబ్బీ సముద్రం దాటాలి, దిగాక ఎద్దుబండ్ల దారిలో దక్కను లోపలికి రావాలి. అన్నీ దాటి వచ్చిన వర్తకుడు దళారి చేతిలో సరుకు తీసుకుని వెనక్కి పోలేదు. కొలిమి కాడికే వచ్చాడు. నాణ్యత ఎక్కడ పుడుతుందో అక్కడే నిలబడి చూశాడు. మా మేనల్లుడి పుస్తకంలో నాణ్యతా తనిఖీ, సరఫరా గొలుసు, సాంకేతిక బదిలీ అని మూడు అధ్యాయాలున్నాయి. ఆ మూడూ మన కమ్మర్ల కొలిమి కాడ ఒక్క మధ్యాహ్నం కనిపిస్తాయి. బదిలీ విఫలమవడం మరీ గొప్ప పాఠం. ఇరానీలకు పాళ్లు తెలుసు, మంట తెలుసు, కళ్లారా చూశారు. అయినా వారికి కుదరలేదు. ఆ మట్టి, ఆ ఇనుము, ఆ చేతులు ఇక్కడివి.

చేతుల సంగతి తర్వాతి పరిశోధకులు పట్టుకున్నారు. థెల్మా లో అనే అమెరికన్ పరిశోధకురాలు కోనసముద్రం మూసల ముక్కలను పరీక్షించి, మట్టిలో వరి ఊక దండిగా కలిపేవారని, ఆ ఊక కాలి మిగిలిన బొగ్గే మూసకు అంత వేడి తట్టుకునే శక్తి ఇచ్చిందని తేల్చింది. మన ఇళ్లల్లో పొయ్యి కింద పోసే ఊక! 2010లో శారదా శ్రీనివాసన్, ఎస్. జైకిషన్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్ జూలెఫ్ బృందం ఉత్తర తెలంగాణలో తిరిగి వందల చోట్ల ఇనుము, ఉక్కు తీసిన ఆనవాళ్లు నమోదు చేసింది. అంతకు చాలా ముందే, 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు ఈ ఉక్కు మీద పరిశోధన పత్రం చదివాడు. ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న 'ఊట్జ్' అనే పేరు మన 'ఉక్కు' మాటే నోరు తిరగక మారిందని పండితులు చెబుతారు. మైకేల్ ఫారడే అంతటివాడు కూడా కొన్నాళ్లు దీని రహస్యం వెంట పడ్డాడు.

మొన్న మేనల్లుడిని తీసుకుని కోనసముద్రం వెళ్లాను. ఊరి పక్కన చిట్టెం దిబ్బలు. వాన పడ్డాక మట్టి కొట్టుకుపోయి నల్లరాళ్లు తేలాయి. చేను గట్టు మీద ఒక పెద్దాయన మూస ముక్కను చేతిలో పెట్టాడు. బయట వైపు కాలిన నల్లటి మట్టి, గరుకుగా. లోపలి వైపు ఆకుపచ్చటి గాజు పూతలా మెరుస్తోంది. ఆ పూతలో ఒక చోట సన్నటి గీత వలయంగా పడి ఉంది. కరిగిన ఉక్కు నిలిచిన మట్టం అది. "దున్నితే నాగలికి తగులుతయ్ సారూ. మా తాతలు చెప్పిన్రు, ఇది కత్తుల ఊరని" అన్నాడాయన.

ఆ కొలుములు ఎందుకు ఆరిపోయాయి? షెఫీల్డ్‌లో హంట్స్‌మన్ మూస ఉక్కు పద్ధతి ఎప్పుడో మొదలుపెట్టాడు. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నుల్లో పోత పోయడం సాధ్యమైంది. తుపాకీ వచ్చాక కత్తికి విలువ తగ్గింది. కొలిమికి బొగ్గు ఇచ్చే అడవీ తరిగింది. వీటన్నిటి వెనక నాకు కనిపించే కారణం ఇంకొకటి. కోనసముద్రం కమ్మర్లకు కొలిమి తెలుసు గానీ సముద్రం తెలియదు. సరుకు తమది, దారి హాజీ హుసేన్‌ది. దారి తెలిసినవాడు రావడం మానేసిన రోజు, చేతిలో ఎంత నైపుణ్యం ఉన్నా పొయ్యి ఆరక తప్పదు.

ఇక్కడి నుంచి నా కథ సాఫీగా సాగదు. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడులో, పల్లెల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ల చాటల్లో, కోరుట్ల, మెట్‌పల్లి పసుపు కల్లాల్లో ఇది ముక్కలు ముక్కలవుతుంది. సిరిసిల్లలో 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల పేరుతో ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారుగా ఉండింది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక మగ్గాలు ఆగిపోయినప్పుడు నేను ఆ వీధుల్లో తిరిగాను. ఎప్పుడూ చెవులు దిబ్బళ్లు పడే సందుల్లో మాటలు వినిపించాయి. ఒక్క కొనుగోలుదారు మీద బతికే ఊరి భయం ఎట్లుంటుందో ఆ నిశ్శబ్దంలో తెలిసింది. పెద్దూరు అపెరల్ పార్కులో మన ఆడపిల్లలు కుట్టే బట్టలు ఇప్పుడు విదేశాలకు పోతున్నాయి. అక్కడైనా సముద్రం దారి మనవాళ్లకు నేర్పాలని నా కోరిక. కొలతలు, ధర, రవాణా, కొనుగోలుదారుతో మాట, అన్నీ.

ఇక గల్ఫ్. గంభీరావుపేట, జగిత్యాల, కోరుట్ల ఊళ్లల్లో ఎవరినడిగినా ఇంటికొకరు దుబాయ్, మస్కట్, షార్జా. కంపెనీ వీసా, ఆజాద్ వీసా, కఫీల్ (వీసాకు పూచీ ఉండే అక్కడి యజమాని), ఖల్లివెల్లి (యజమానిని వదిలి కాగితాలు లేకుండా మిగిలినవాడు). ఈ మాటలు మా పిల్లలకు అక్షరాలతో పాటే వస్తాయి. ఒకప్పుడు గల్ఫ్ అవతలి వర్తకుడు మన ఉక్కు కోసం మన కొలిమి కాడికి నడిచొచ్చాడు. ఇప్పుడు ఉక్కులాంటి మనుషులే అటు పోతున్నారు, వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి మరీ. మా బావ అట్లాగే పోయి పదమూడేళ్లయింది. షార్జాలో ఓడల మరమ్మతు యార్డులో వెల్డింగ్ పని. అక్కడ సముద్రం అవతలి ఒడ్డు ఇరానే.

కోనసముద్రం పెద్దాయన మూస ముక్కను మళ్లీ గట్టు మీదే పెట్టేశాడు. మేనల్లుడు పక్కన రెండు రూపాయల బిళ్ల పెట్టి ఫొటో తీసి, వాళ్ల నాయనకు పంపాడు. మెట్‌పల్లి బస్టాండులో చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. వెనక యార్డులో గ్రైండర్ మోత. బావ గట్టిగా అరిచి అడుగుతున్నాడు.

"ఆ లోపటి మెరుపేందిరా? ఇంక దగ్గరికెల్లి తియ్యకపోయినవ్?"