జుమ్లాల తర్తీబ్: జోడేఘాట్ పున్నమి ఏ తారీఖు?

ఉర్దూ మీడియం పిల్లలకు పరీక్షల్లో ఒక సవాల్ వస్తుంది: జుమ్లాలను సహీ తర్తీబ్‌లో రాయండి. జుమ్లా అంటే వాక్యం, తర్తీబ్ అంటే వరుస. తెలుగు మీడియంలో దీన్నే వాక్యాలను క్రమంలో అమర్చమంటారు. పోటీ పరీక్షలకు పోయేవారు జంబుల్డ్ సెంటెన్సెస్ అంటారు. దీనికి చిట్కాలున్నాయి. "అతడు" అని మొదలయ్యే వాక్యం మొదటిది కాదు, ఎందుకంటే ఆ అతడు ఎవరో ముందే చెప్పి ఉండాలి. "అందుకే" అని మొదలైతే దాని సబబ్ పై వాక్యంలో ఉండాలి. తారీఖులుంటే ఇంకా ఆసాన్, చిన్న సాల్ ముందు, పెద్ద సాల్ తర్వాత.

మన ఆదిలాబాద్ తారీఖ్‌ని ఇదే పద్ధతిలో పరీక్షించి చూద్దాం. తారీఖ్ అంటే ఉర్దూలో తేదీ, చరిత్ర కూడా. రెంటికీ ఒకే మాట ఊరికే పెట్టలేదు. కొమురం భీము ఖిస్సాలో వాక్యాలన్నీ మన దగ్గరే ఉన్నాయి, వాటి తర్తీబ్ మాత్రం చెదిరిపోయింది.

ఆ వాక్యాలు ఇవి. సిద్దీఖ్ అనే పట్టేదారు గోండుల పంటను తనదన్నాడు. భీము అతన్ని కొట్టాడు, అతను చనిపోయాడు. భీము అస్సాం చాయ్ తోటలకు పారిపోయి కొన్నేళ్లు పనిచేశాడు. అడవిని సర్కారు మహ్సూరా చేసింది, అంటే రిజర్వు చేసి గోండుల పోడును జుర్మ్‌గా మార్చింది. మేతకు బంబ్‌రాం, వంటకట్టెలకు దూపపెట్టి అని మహ్సూల్ వసూలు చేసింది. భీము తిరిగొచ్చి పన్నెండు గూడేల జనాన్ని కూడగట్టాడు. జోడేఘాట్‌లో పోలీసుల తుపాకులకు షహీద్ అయ్యాడు. హైమండార్ఫ్ వచ్చాడు. పట్టాలిచ్చారు.

ఇప్పుడు ఆలోచించండి, మొదటి వాక్యం ఏది? చాలామంది సిద్దీఖ్‌తో మొదలుపెడతారు. అలా మొదలుపెడితే కథ వెంటనే ఒక తురక, ఒక గోండు అన్నట్టు తయారవుతుంది. మిగతా వాక్యాలన్నీ ఆ మొదటి వాక్యం నీడలో నడుస్తాయి. మహ్సూరాతో మొదలుపెట్టి చూడండి. అడవికి హద్దురాళ్లు పాతారు, అందుకే తాతలనాటి పోడు ఖాళీ అయింది, అందుకే కాగితం ఉన్నవాడు భూమికి మాలిక్ అయ్యాడు, కాగితం లేని గోండు తన చేనులోనే గైర్ అయ్యాడు, అందుకే సిద్దీఖ్ వచ్చి పంట నాదనగలిగాడు. ఇక్కడ ప్రతి "అందుకే"కీ పై వాక్యంలో సబబ్ ఉంది. పరీక్ష చిట్కా ప్రకారం సహీ తర్తీబ్ ఇదే.

ఇది నిజాం హుకూమత్‌ని కడిగి తెల్లగా చేయడానికి చెబుతున్న మాట కాదు. మహ్సూరా చేసింది ఆ హుకూమతే, తుపాకులు పంపింది ఆ హుకూమతే. ఆ జుల్మ్‌కి నా మజహబ్ అడ్డు రాదు, రాకూడదు. కానీ గోండుల భూములు పోయింది ముసల్మాన్ పట్టేదార్లకు మాత్రమే కాదు. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కాస్తకారులు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన షావుకార్లు, దేశ్‌ముఖ్‌లు, రోహిల్లా వడ్డీదారులు అందరూ ఆ వరుసలో ఉన్నారు. హైమండార్ఫ్ రిపోర్టులు చదివినవారికి ఇది తెలుసు. 2020లో ఆర్ఆర్ఆర్ సినిమా టీజర్‌లో భీముకు టోపీ పెట్టారని లొల్లి జరిగింది. సినిమా ఖయాలీ కథ, అందులో భీము అఖ్తర్ వేషం వేస్తాడు. ఆ టోపీ మీద జరిగినంత బహస్‌లో పదో వంతు మహ్సూరా మీద జరిగి ఉంటే ఎంత బాగుండేది!

ఇక తారీఖు మాట. భీము వర్ధంతి జోడేఘాట్‌లో ప్రతి ఏటా ఆశ్వయుజ శుద్ధ పౌర్ణమి నాడు జరుగుతుంది. గోండులు కాగితం మీద రాసుకోలేదు, చంద్రుణ్ణి గుర్తుపెట్టుకున్నారు. మరి పుస్తకాల్లో, పోస్టర్లలో చూస్తే ఒక చోట 1940 సెప్టెంబర్ 1 అని ఉంటుంది, ఇంకోచోట అక్టోబర్ 8, మరోచోట అక్టోబర్ 27. కొందరైతే ఒకే వాక్యంలో "1940 సెప్టెంబర్ 1, ఆశ్వయుజ శుద్ధ పౌర్ణమి" అని రెండూ రాసేస్తారు.

చంద్రుణ్ణే గవాహ్‌గా పిలుద్దాం. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మనకు కనిపించలేదు, బ్రెజిల్‌లో, దక్షిణ ఆఫ్రికాలో కనిపించింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే పడుతుంది, ఇంకే రోజూ పడదు. కాబట్టి అక్టోబర్ 1 అమావాస్య. ఆ తర్వాతి అమావాస్య అక్టోబర్ 30, అది దీపావళి అమావాస్య. ఈ రెంటి మధ్య నెల ఆశ్వయుజం. దాని పౌర్ణమి అక్టోబర్ 15 రాత్రి మొదలుకొని 16 దాకా.

ఈ లెక్కతో మిగతా తారీఖులను చూడండి. సెప్టెంబర్ 1 అమావాస్యకు ఒక్కరోజు ముందు, ఆ రాత్రి చంద్రుడే లేడు. అక్టోబర్ 8న సగం చంద్రుడు, నడిరాత్రికల్లా కుంగిపోతాడు. అక్టోబర్ 27 దీపావళికి మూడు రోజుల ముందు, తెల్లవారుజామున సన్నని వంక మాత్రమే కనిపిస్తుంది. మూడింట్లో ఒక్కటీ పున్నమి కాదు.

నమ్మకం కుదరనివారు ఇంకో తరీఖాలో సరిచూసుకోవచ్చు. పంతొమ్మిదేళ్లకోసారి చంద్రుడు దాదాపు అదే తారీఖుకు తిరిగి వస్తాడు. 1940కి నాలుగు పంతొమ్మిదులు, అంటే 76 ఏళ్లు కలిపితే 2016. పాత క్యాలెండర్ గోడకు ఇంకా వేలాడుతుంటే తిప్పి చూడండి, 2016 ఆశ్వయుజ పౌర్ణమి కూడా అక్టోబర్ 15-16నే. ఆసిఫాబాద్‌కు భీము పేరుతో జిల్లా ఏర్పడింది ఆ ఏడాదే అక్టోబర్ 11న, ఆ పున్నమికి నాలుగైదు రోజుల ముందు.

మన హిజ్రీ లెక్క కూడా ఇదే చెబుతుంది. ఆ అమావాస్య తర్వాత కనిపించిన చాంద్ 1359 హిజ్రీ రంజాన్ చాంద్. అంటే జోడేఘాట్ పున్నమి రంజాన్ మహీనా నడిమిది. ఈ సంగతి నేను భీము గురించిన ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆసిఫాబాద్‌లో సహరీకి లేచిన ఇళ్లమీదా, జోడేఘాట్ గుట్టమీదా ఒకే వెన్నెల పడిందన్నమాట.

మరి అక్టోబర్ 8, 27 ఎక్కడి నుంచి వచ్చాయి? నాది ఖయాస్ మాత్రమే, గవాహీ కాదు. 2014లో ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబర్ 8న పడింది, ఆ రోజు చంద్రగ్రహణం కూడా. తెలంగాణ వచ్చాక మొదటి వర్ధంతి అది, సర్కారే జోడేఘాట్‌కు తరలిపోయింది. 2015లో పౌర్ణమి అక్టోబర్ 27న పడింది. వర్ధంతి జరుపుకున్న తారీఖును ఎవరో తీసుకెళ్లి 1940 పక్కన అతికించి ఉంటారు. మన దగ్గర ఉర్సుల విషయంలోనూ ఇలాగే జరుగుతుంది, ఈ ఏడాది ఉర్సు పడిన ఇంగ్లీషు తారీఖును కొందరు వలీ వఫాత్ తారీఖు అనుకుంటారు.

ఇంకో చిక్కు ఫస్లీ. నిజాం దఫ్తర్లలో కాగితాలన్నీ ఫస్లీ సాల్‌తో ఉంటాయి. ఫస్లీ కొత్త సాల్ అక్టోబర్ 6న ఆజుర్ మహీనాతో మొదలవుతుంది, ఆబాన్‌తో ముగుస్తుంది. దాన్ని ఇంగ్లీషు సాల్ చేయడానికి 590 కలపాలని అందరికీ తెలుసు. కానీ అది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. జనవరి దాటితే 591 కలపాలి. 1940 సెప్టెంబర్ చివర్లో ఒక తహసీల్దార్ రాసిన కాగితం మీద ఆబాన్ 1349 అని ఉంటుంది. రెండు వారాల తర్వాత రాసిన దానిమీద ఆజుర్ 1350 అని ఉంటుంది. గుడ్డిగా 590 కలిపేవాడికి మొదటిది 1939, రెండోది 1940. పదిహేను రోజుల ఫాస్లా ఏడాది అయి కూర్చుంటుంది. ఆ రోజుల్లో జోడేఘాట్ కథ సరిగ్గా ఈ సాల్ మారే చోటే నడుస్తోంది. వాక్యాలు తారుమారు కావడానికి ఇంతకంటే మంచి జాగా దొరకదు.

చివరి రెండు వాక్యాల వరుస కూడా చూడాలి. హైమండార్ఫ్ ఆస్ట్రియా మనిషి. యుద్ధం వచ్చినప్పుడు రియాసత్‌లోనే ఉండిపోవాల్సి వచ్చింది. జోడేఘాట్ తర్వాతే అతన్ని గోండుల సంగతి చూడమని పంపారు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు తాలీమ్ మొదలైంది, పట్టాలు పంచారు, 1356 ఫస్లీలో, అంటే 1946-47లో, ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ వచ్చింది. కొందరు దీన్ని నిజాం రహమ్‌గా రాస్తారు. అప్పుడు భీము చావు ఒక ఫుట్‌నోట్ అవుతుంది. తారీఖుల వరుసలో పెడితే ముందు తుపాకి, తర్వాత పట్టా. మధ్యలో "అందుకే" అని రాయకుండా ఆ వాక్యాలు కలవవు.

కరీంనగర్ జిల్లా వాళ్లే అయిన సాహు, అల్లం రాజయ్య 1980ల్లో ఈ కథను నవలగా రాశారు. వాళ్లు ముసలివాళ్లు చెప్పిన మాటలను విని రాశారు, అందుకే అందులో ప్రాణం ఉంది. మిగిలిన పని దఫ్తర్‌ది. ఉర్దూలో షహాదత్ అంటే అమరత్వం, గవాహీ కూడా. భీము షహాదత్‌కి కాగితం షహాదత్ కావాలి. తార్నాక ఆర్కైవ్స్‌లో రియాసత్ మిసిళ్లు షికస్తా రాతలో ఉన్నాయి. ఆ రాత చదవగలిగేవారు మనలో రోజురోజుకూ తగ్గిపోతున్నారు. ఉన్నవారు ఎవరైనా పోతే, ఆబాన్ 1349, ఆజుర్ 1350, ఈ రెండు మహీనాల ఆసిఫాబాద్ కాగితాలు తీయండి. గోండుల యాద్‌దాష్త్ సహీ అయితే, పోలీస్ రిపోర్టు మీద తారీఖు ఆజుర్ 10 లేదా 11 ఉండాలి.