గంటకా, ఎకరానికా? దున్నకం కిరాయి వెనక ఉన్న చరిత్ర



మృగశిర కార్తె దగ్గర పడ్డదంటే మన ఊర్లల్ల ఒకటే ముచ్చట. ఈ ఏడు ట్రాక్టర్ కిరాయి ఎంత? కల్టివేటర్‌కు ఎంత, రోటవేటర్‌కు ఎంత, కరిగెటకు ఎంత? ఓనర్లు ఒక మాట అంటరు, రైతులు ఒక మాట అంటరు. వంద, రెండు వందల కాడ లొల్లి అయితది. అయితే "ఎంత" అని అడిగే ముందు "దేనికి ఎంత" అని అడగాలె. గంటకా, ఎకరానికా, సీజన్ మొత్తానికా? ఆ కొలత తేలితేనే నష్టం వచ్చినప్పుడు ఎవరి మీద పడతదో తెలుస్తది. మన ఓరుగల్లు చరిత్ర తిరగేస్తే ప్రతి కాలంలో ఈ పంచాయితీయే కనపడతది. జర ఓపికగా చదవండి, పోస్టు పెద్దదే.

కాకతీయుల కాలం నుంచి మొదలు పెడత. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో సముద్రం ఒడ్డున ఉన్న మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించిండు. దాన్ని అభయ శాసనం అంటరు. అంతకు ముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు గుంజుకునేటోళ్ళు. ఇకమీద అట్ల చేయం, సుంకం మాత్రమే తీసుకుంటం అని గణపతిదేవుడు మాట ఇచ్చిండు. ఇచ్చి ఊకోలేదు, ఏ సరుకుకు ఎంత సుంకమో రాతి స్తంభం మీద చెక్కించిండు. ఓడ రాకముందే లెక్క అందరి కండ్ల ముందర ఉన్నది. వ్యాపారి ధైర్యంగ వచ్చిండంటే అందుకే.

ఆ కాలందే ఇంకో పద్ధతి దశబంధం. చెరువు తవ్వించినోళ్ళకు, దాన్ని కాపాడేటోళ్ళకు రొక్కం ఇచ్చుడు కాదు, ఆ చెరువు కింది భూమిలో ఒక వంతు మాన్యంగా ఇచ్చేటోళ్ళు. పదో వంతు అనే మాట నుంచే దశబంధం అన్న పేరు వచ్చింది. దీని లోపల ఉన్న తెలివి చూడండి. చెరువు నిండితే ఆయన భూమి పారుతది, రైతు భూమి పారుతది. గండి పడితే ఇద్దరిది ఎండుతది. కొలత పంటకు ముడిపడి ఉన్నది గనక చెరువును మంచిగ చూసుకోమని ఎవ్వరూ చెప్పే పని లేకుండె.

ఇగ మన తాతలకు ఎరుకైన కాలానికి వద్దాం. నాగలి, గొర్రు, గుంటుక చేసేటిది వడ్లాయన. కర్రు సాగదీసేటిది కమ్మరాయన. వానకాలంలో కర్రు అరిగిన ప్రతిసారి పైసలు ఇచ్చుడు లేదు. రైతుకు ఎన్ని నాగండ్లు ఉంటే అన్నిటికి లెక్క కట్టి, పంట వచ్చినంక కల్లం కాడ వడ్లో, జొన్నలో కొలిచి ఇచ్చేటోళ్ళు. దాన్నే ఆయం అన్నరు, తీసుకునేటోళ్ళను ఆయగాళ్ళు అన్నరు. ఇప్పటి మాటల చెప్పాలంటే ఇది సీజన్ గుత్త. ఏడాదిలో పదిసార్లు కర్రు తెచ్చినా, ఇరవై సార్లు తెచ్చినా లెక్క ఒక్కటే. నల్లరేగడి ఉన్న రైతుకు తక్కువ అరుగుతది, గరప చెల్క రైతుకు ఎక్కువ అరుగుతది, ఆ తేడా కమ్మరాయన మీద పడేది. కరువు ఏడు కల్లమే లేకపోతే ఆయన ఇల్లు కూడా పస్తే. పైగా కులాన్ని బట్టి కట్టిన కట్టుబాటు గనక నాకు ఇది గిట్టదు అని బయటికి వచ్చే దారి ఆయనకు లేకుండె. కాబట్టి పాతకాలం అంతా బంగారమే అనుకోవద్దు. రైతుకు ఎరువు పెట్టకుండా, రొక్కం లేకుండా ఏరు కదిలిందన్నది ఎంత నిజమో, దాని భారం మోసింది చేతిపని వాళ్ళు అన్నది కూడా అంతే నిజం.

ఆ తర్వాత చెప్పాల్సింది వెట్టి గురించి. నిజాం కాలంలో దొరల, దేశ్‌ముఖుల భూములు ముందు దున్నినంకనే రైతు తన చెల్కకు నాగలి కట్టాలె. ఎడ్లు రైతువి, మేత రైతుది, రెక్కలు రైతువి, కిరాయి మాత్రం సున్న. ఎన్ని దినాలు, ఎన్ని నాగండ్లు అన్న కొలత కూడా లేదు. దొర ఎన్ని అంటే అన్ని. వాన పడి పదును ఉన్న రెండు మూడు దినాలు దొర చేన్ల పోతే, మన చేను కాడికి వచ్చేసరికి తడి ఆరిపోయేది. రైతు పోగొట్టుకున్నది కూలి ఒక్కటే కాదు, అదును కూడా. ఆంధ్ర మహాసభ గ్రామాలకు వచ్చినప్పుడు జనం ముందుగా వెట్టి ఎత్తెయ్యాలె అన్నరంటే కారణం ఇదే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైండు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన భూమి కోసం, పంట కోసం విసునూరు దేశ్‌ముఖుకు ఎదురు నిలిచింది. ఆ ఊర్లు అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండె, తర్వాత మన వరంగల్ జిల్లాలో కలిసినై, 2016 నుంచి జనగామ జిల్లా అయినై. ఆ పోరాటాన్ని భూమి కోసం అంటం, సరే. కానీ అది కొలత లేని పని మీద కూడా జరిగిన పోరాటం. కొలత బలవంతుని నోట్లో ఉంటే ధర అనే మాటకే అర్థం లేదు.

వెట్టి పోయినంక అరకలు ఉన్నోళ్ళు, లేనోళ్ళు ఒకరితో ఒకరు సర్దుకున్నరు. ఒక్క ఎద్దు ఉన్న ఇద్దరు రైతులు కలిసి అరక కట్టుకునేటోళ్ళు. అరక లేనోళ్ళు ఒక దినం దున్నించుకుంటే, దానికి బదులు ఇంటి మనుషులు నాట్లకో, కోతకో పోయేటోళ్ళు. జీతం ఉండేటోళ్ళ లెక్క ఉగాది కాడ తేలేది, మళ్ళ ఉగాది దాకా అదే మాట. జీతగాని పేరు మీద అప్పులకు కట్టేసి తరాలకు తరాలు పని చేయించుకున్నోళ్ళు కూడా ఉండిరి. దాన్ని బందు పెట్టటానికి 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం రావలసి వచ్చింది. అయితే ఒక్క మంచి పద్ధతి మాత్రం అందులో నుంచి తీసుకోవచ్చు. పని మొదలు పెట్టకముందు, ఒక ఫలానా దినం, పది మంది ముందర మాట ఖాయం చేసుకునుడు.

ఇగ ట్రాక్టర్ కాలం. మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టర్ 1959లో ఐషర్ కంపెనీ ఫరీదాబాద్‌ల బయటికి తీసింది. 1969లో 14 బ్యాంకులను జాతీయం చేసినంక ఊర్లకు లోన్లు రావటం మొదలైంది. కాకతీయ కాలువ నీళ్ళు, ఆ తర్వాత బోర్లు వచ్చి పొలం పెరిగింది. పొలం పెరిగితే కరిగెట పని పెరుగుతది, అది కూడా అందరికీ ఒక్కసారే పడతది. ఎడ్లతోని అంత తొందరగా కాదు గనక ట్రాక్టర్ కిరాయి పుట్టింది. అరక కాలంలో దినం కొలత. ఒక దినంలో ఒక అరక ఎంత దున్నుతదో ఇంచుమించు అందరికీ ఎరుకే. ట్రాక్టర్ వచ్చినంక దినం పోయి గంట వచ్చింది, ఎకరం వచ్చింది.

ఇక్కడే మనం గమనించాల్సిన సంగతి ఉన్నది. గంట లెక్క అయితే నష్టం రైతుది. రెండు మూడు గుంటల చిన్న మడులు ఉన్నోళ్ళకు ట్రాక్టర్ దున్నేది తక్కువ, మళ్ళేది ఎక్కువ. డ్రైవర్ కొత్తోడైనా, ఇంజన్ పాతదైనా, గంటలు మాత్రం మన జేబుల నుంచి పోతయి. ఎకరం లెక్క అయితే నష్టం ఓనరుది. అందుకే ఎకరం గుత్త పట్టినోడు లోతు తగ్గిస్తడు, గేరు పెంచి ఉరికిస్తడు, మూలలు విడిచి పెడతడు. పైకి చూస్తే నేల నల్లగ కనపడతది, లోపల దుక్కి ఉండదు. గంటల లెక్కలో ఇంకో చిక్కు కూడా ఉన్నది. పాత ట్రాక్టర్లల్ల ఉండే గంటల మీటర్ ఇంజన్ తిరిగిన చుట్లను బట్టి నడుస్తది. ఇంజన్ పూర్తి వేగంల తిరిగితేనే మీటర్ గంట, గడియారం గంట ఒక్కటి అయితయి, మెల్లగ నడిస్తే మీటర్ వెనకబడతది. కొత్తవాటిల ఎక్కువ శాతం టైమునే లెక్క పెడతయి. ఏ గంట లెక్కనో ముందు అడగకపోతే ఆఖరికి గట్టు మీద నిలబడి కొట్లాడాల్సి వస్తది.

వరికోత మిషన్ కాడ ఇది ఇంకా కండ్లకు కనపడతది. చైన్ మిషన్‌కు గంట లెక్కనే నడుస్తది. చేను నిలబడి ఉంటే తొందరగ అయితది. కోతల ముందర చెడగొట్టు వాన పడి వరి నేలకు ఒరిగితే మిషన్ పాక్కుంట పోవాలె, గంటలు పెరుగుతయి. అంటే వాన పంటను చెడగొట్టిన రైతే కిరాయి కూడా ఎక్కువ కడతడు. దెబ్బ తిన్నోని మీదనే రెండో దెబ్బ. మిషన్ ఓనరు మోసం చేస్తున్నడని కాదు. కొలత అట్ల ఉన్నది.

ఇది మన ఒక్కళ్ళ బాధ అనుకునేరు. 1959లో వరంగల్‌లో ఆర్ఈసీ కాలేజీ పెట్టినప్పటి నుంచి మన జిల్లా పేరు అమెరికా దాకా పోయింది, ఇప్పుడు మన ఊర్ల పిల్లలు మస్తు మంది అక్కడున్నరు. చలికాలం అక్కడ ఇంటి ముందర, కారు రోడ్డెక్కే బాట మీద మోకాళ్ళ లోతు మంచు పడతది. బండికి ముందర పెద్ద ఇనుప పలక కట్టుకొని వచ్చి దాన్ని నూకేటోళ్ళు ఉంటరు. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు స్నో ప్లవింగ్, అంటే మంచు దున్నుడు. దాని కిరాయి కూడా మూడు తీర్లు. వచ్చినప్పుడల్లా ఇంత అని ఒకటి. ఎన్ని అంగుళాల మంచు పడితే అంత అని ఇంకోటి. చలికాలం మొత్తానికి ఒక్కటే గుత్త అని మూడోది. గుత్త కట్టినంక మంచు పడకపోతే ఇంటాయన పైసలు దండుగ. మంచు కుప్పలు కుప్పలు పడితే బండాయన మునుగుతడు. 2014-15 చలికాలంలో బోస్టన్ నగరంలో 100 అంగుళాలు దాటి మంచు పడ్డది. అట్లాంటి ఏడు గుత్త పట్టినోడికి డీజిల్ ఖర్చు కూడా ఎల్లదు. అందుకే తెలివైనోళ్ళు ముందే రాసుకుంటరు. ఇన్ని సార్ల దాకా గుత్త, ఆ పైన వస్తే సారికి ఇంత అని. రోడ్డు మంచు నూకే సర్కారు బండి పోతూ పోతూ ఇంటి బాట మొగదల కుప్ప పోస్తది, అది తీసుడు రేట్ల కలిసిందా లేదా అనేది కూడా ముందే తేల్చుకుంటరు. మన కాడ మూలలు, గట్ల పంచాయితీ లెక్కనే.

ఓనర్ల కష్టం గూడ ఒకసారి చూద్దాం. లెక్క కోసం అనుకుందాం, కిస్తీ, ఇన్సూరెన్స్, రిపేర్లు కలిపి ఒక ట్రాక్టర్‌కు ఏడాదికి 1,80,000 రూపాయలు పడ్డది. అది ఏడాదిలో 600 గంటలు నడిస్తే గంటకు 300 పడతది. 300 గంటలే నడిస్తే గంటకు 600 పడతది. డీజిల్, డ్రైవర్ కూలి దీని మీద వేరే. ఊర్లె బండ్లు ఎక్కువైతే కిరాయి దిగుతది అని మనం అనుకుంటం. కానీ ఒక్కో బండికి గంటలు తగ్గుతయి గనక గంట ఖర్చు పెరుగుతది. ఓనర్లు ఒక్కటై ఇంతకు తక్కువ రాము అనటానికి ఇది ఒక కారణం. డీజిల్ సంగతి ఇంకోటి. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద సర్కారు పట్టు వదిలింది, 2017 జూన్ 16 నుంచి రోజూ ధర మార్చే పద్ధతి పెట్టిండ్రు. ఉగాది నాడు అనుకున్న రేటు కరిగెట నాటికి ఎట్ల గిట్టుతదని వాళ్ళు అడిగితే అది కూడా న్యాయమే.

మరి కొలత, న్యాయం రెండూ కలుస్తయా? మనం ఉపాధి హామీ పనిలో చూసినం. 2006 ఫిబ్రవరిల ఆ పథకం మొదలైనప్పుడు తొలి జిల్లాలల్ల మన వరంగల్ ఉన్నది. అక్కడ కూలి మట్టి కొలతను బట్టి. ఎండకాలం నేల గట్టిపడి గడ్డపార దిగదు గనక ఆ నెలలకు ఎండకాలం అలవెన్సు పెట్టిండ్రు. నేల తీరు మారితే కొలత విలువ మారాలె అని సర్కారు కాగితం మీదనే ఒప్పుకున్నట్టు.

కాబట్టి ఈ ఏడు ఏరువాక కన్నా ముందే ఊర్లె కూసుందాం. ఓనర్లు, రైతులు, కౌలుకు చేసేటోళ్ళు, అందరూ. అనుకోవాల్సినవి ఇవి.

ఒకటి, చెల్క దుక్కికి ఎకరం లెక్క పెడితే ఎన్నిసార్లు తోలాలె, ఎంత లోతు పోవాలె అనేది కూడా చెప్పుకోవాలె.

రెండు, చిన్న మడులకు, కరిగెటకు గంట లెక్క అయితే గడియారం గంటనా, మీటర్ గంటనా? బండి పొలంల దిగినప్పటి నుంచా, ఇంటి నుంచి కదిలినప్పటి నుంచా?

మూడు, వరి ఒరిగిన ఏడు గంట రేటుకు ఎకరానికి ఇంత మించొద్దు అని ఒక హద్దు పెట్టుకోవాలె. ఆ పైన పడ్డది ఇద్దరూ సగం సగం మోయాలె.

నాలుగు, డీజిల్ లీటరుకు ఇంత పెరిగితే కిరాయి ఇంత పెరుగుతది అని ముందే రాసుకోవాలె. తగ్గితే తగ్గాలె కూడా.

ఐదు, అనుకున్న రేటు పంచాయతీ ఆఫీసు గోడ మీద రంగుతోని రాయించాలె. రాతి స్తంభం అక్కర లేదు, గోడ చాలు.

రెండెకరాల రైతుకు, కౌలు రైతుకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. పదెకరాలున్నాయన కాడికి బండి ముందు పోతది, రేటు కూడా మెల్లగ తగ్గుతది. మనం కండ్లు కాయలు కాసేదాకా ఎదురు చూసి, అదును పోయినంక వాళ్ళు చెప్పిన రేటు ఇస్తం. వెట్టి పోయి 75 ఏండ్లు దాటింది. ఎవరి పొలం ముందు, ఎవరిది వెనక అనేది బలాన్ని బట్టి నడుస్తుంటే మాత్రం దాని వాసన పోలేదనే లెక్క. వరుస కూడా గోడ మీద రాసుకుంటే ఆ వాసన కూడా పోతది.

మీ ఊర్లె గంట లెక్క నడుస్తదా, ఎకరం లెక్క నడుస్తదా, ఎంత ఉన్నది, కింద రాయండి. ఓనర్లు కూడా మీ ఖర్చు లెక్కలు రాయండి. పది ఊర్ల లెక్కలు ఒక్క కాడికి వస్తే ఉగాది నాడు కూసున్నప్పుడు మాట్లాడటానికి మన చేతిలో ఏదన్నా ఉంటది.