గెస్టు బయటికొస్తే రిజిస్టర్ల ఏం రాస్తరు? హైపర్‌వైజర్ చరిత్ర

మేము వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. తాండూరు వైపు తండాల నుంచి వచ్చినోళ్లమే ఎక్కువ. మా ఇండ్లల్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మాదే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

"సొంత లాప్‌టాపే లేదు, ఈ క్లౌడు ముచ్చట మనకెందుకు" అని మనలో చాలామంది అంటారు. అసలు ఈ చరిత్ర మొదలైందే మెషీన్లు అందరికీ సరిపోని కాడ. అమెరికాలో ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ బృందం సీపీ-40 అనే వ్యవస్థ తయారుచేసింది. 1967 జనవరిలో అది పనిలోకి వచ్చింది. ఒకే కంప్యూటర్ మీద 14 వర్చువల్ మెషీన్లు నడిచేవి. తండాల్ల ఒక్క బోరు నీళ్లను వంతులు పెట్టుకుని పారించుకున్నట్టే. కాకపోతే ఇక్కడ ఎవరి వంతు వాళ్లకు కనబడదు. మెషీన్ మొత్తం తనదే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. అట్ల అనుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గెస్టు అంటారు, అట్ల అనుకునేటట్టు చేసేది హైపర్‌వైజర్.

ఇది ఎట్ల సాధ్యం? హాస్టల్ గేటు గుర్తుచేసుకోండి. లోపల మన పని మనం చేసుకుంటాం, ఎవరూ అడ్డుపడరు. గేటు దాటాలంటే మాత్రం ఆగాలి, కారణం రిజిస్టర్ల రాయాలి. గెస్టు కూడా మామూలు లెక్కలు నేరుగా ప్రాసెసర్ మీదనే చేసుకుంటుంది. మెషీన్ మొత్తాన్ని తాకే ఆదేశం వచ్చినప్పుడు ప్రాసెసర్ దాన్ని ఆపి హైపర్‌వైజర్ చేతికి ఇస్తుంది. దీన్నే గెస్ట్ ఎగ్జిట్ అంటారు.

1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు దీనికి నియమం రాశారు. మెషీన్ స్థితిని మార్చే లేదా బయటపెట్టే ప్రతి ఆదేశమూ గేటు దగ్గర ఆగి తీరాలి అన్నది దాని సారం. మన పీసీలల్ల ఉండే ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ పరీక్షలో ఫెయిల్ అయ్యాయి. ఉదాహరణకు పాప్‌ఎఫ్ అనే ఆదేశం. ఇంటరప్టులను ఆపే అధికారం లేని ప్రోగ్రామ్ దాంతో ఆపబోతే ప్రాసెసర్ ఆపదు, తప్పు అని కూడా చెప్పదు, చప్పుడు చేయకుండా వదిలేస్తది. గోడ దూకినోడు గేటు రిజిస్టర్ల ఎట్ల దొరుకుతడు? 2000లో రాబిన్, అర్వైన్ లెక్కబెడితే పెంటియంలో ఇట్లాంటి ఆదేశాలు 17 తేలాయి.

1998లో మొదలైన వీఎంవేర్ కంపెనీ దీన్ని సాఫ్ట్‌వేర్‌తో దాటింది. గెస్టు కోడ్‌ను నడిచే ముందే చదివి, చిక్కుపెట్టే ఆదేశాలను మార్చి రాసేది. 2005 నవంబర్‌లో ఇంటెల్ వీటీ-ఎక్స్‌తో, 2006లో ఏఎండీ తన పద్ధతితో గేటును ప్రాసెసర్‌లోనే కట్టేశాయి.

ఇంటెల్ పద్ధతిలో ఒక్క ఎగ్జిట్‌ను చూద్దాం. "నువ్వు ఏ ప్రాసెసర్‌వి?" అని అడిగే సీపీయూఐడీ ఆదేశాన్ని గెస్టు ఇచ్చింది. వెంటనే ఎగ్జిట్ జరుగుతుంది. ఎగ్జిట్ కారణం నంబర్ 10 అని వీఎంసీఎస్ అనే దస్త్రంలో పడుతుంది. తర్వాత నడవాల్సిన చోటును చూపే ఆర్ఐపీ, స్టాక్‌ను చూపే ఆర్ఎస్‌పీ కూడా అందులోనే భద్రం. ఆర్‌బీఎక్స్, ఆర్‌సీఎక్స్ లాంటి మామూలు రిజిస్టర్లను మాత్రం ప్రాసెసర్ దాచదు, హైపర్‌వైజరే దాచుకోవాలి. మరిచిపోతే గెస్టు లెక్కలన్నీ పాడైతయి.

ఆ తర్వాత హైపర్‌వైజర్ తాను చూపించదలచుకున్న జవాబును గెస్టు ఈఏఎక్స్, ఈబీఎక్స్, ఈసీఎక్స్, ఈడీఎక్స్ రిజిస్టర్లలో పెడుతుంది. ఆర్ఐపీని ఆ ఆదేశం పొడవు ఎంతో అంత, అంటే 2 బైట్లు, ముందుకు జరుపుతుంది. జరపకపోతే గెస్టు మళ్లీ అదే ఆదేశం దగ్గరికొచ్చి, మళ్లీ ఎగ్జిట్ అయి, అక్కడక్కడే తిరుగుతుంది. చివరికి వీఎంరెజ్యూమ్‌తో లోపలికి పంపుతుంది. మధ్యలో తాను ఆగిన సంగతి గెస్టుకు తెలియదు. రిజిస్టర్లను ఎమ్యులేట్ చేయడం అంటే ఇదే. అసలు రిజిస్టర్ ముట్టనీయకుండా, ముట్టినట్టే జవాబు ఇవ్వడం.

2006లో అవీ కివిటీ ఇదే పనిని లినక్స్ కోసం రాసి అందరి ముందు పెట్టాడు. కేవీఎం పేరుతో అది 2007 ఫిబ్రవరిలో లినక్స్ 2.6.20లో చేరింది. అప్పటినుంచి ఈ కోడ్ ఎవరైనా ఉచితంగా చదవొచ్చు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2020 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తెలంగాణలో రూ. 20,761 కోట్ల డేటా సెంటర్లు ప్రకటించింది. 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలైంది. ప్రకటించిన చోట్లలో ఒకటి షాబాద్ మండలం చందనవెల్లి, మన జిల్లా పక్కనే. అమెజాన్ నైట్రో హైపర్‌వైజర్‌కు పునాది ఆ కేవీఎమ్మే. అంటే మన ఇంటి పక్కన రోజూ లెక్కలేనన్ని గెస్టులు ఎగ్జిట్ అయి మళ్లీ లోపలికి పోతున్నయి. ఆ గోడల దగ్గర మనోళ్లకు దొరికేది కాపలా పని, కూలి పని మాత్రమే కావొద్దు. లోపల నడిచే కోడ్ రాసే పని కూడా మనకు రావాలి. దానికి కావాల్సిన పుస్తకం, ఇంటెల్ మాన్యువల్, ఉచితమే. ఇంగ్లీష్ చూసి భయపడకండి, రోజుకు ఒక్క పేజీ చాలు.

కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ ఉంటే ఎల్ఎస్‌సీపీయూ అని కొట్టి చూడండి. వర్చువలైజేషన్ దగ్గర వీటీ-ఎక్స్ అనో, ఏఎండీ-వీ అనో కనబడితే ఆ మెషీన్లో గేటు ఉన్నట్టే. ఏం కనబడిందో కింద రాయండి, అందరం కలిసి నేర్చుకుందాం.