ఏటికొప్పాక బొమ్మ, బడిలో ఆట

విశాఖపట్నం నుంచి తుని వైపు సుమారు 60 కిలోమీటర్లు వెళితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వస్తుంది. ఇప్పుడది అనకాపల్లి జిల్లా. 1933లో విశాఖ ఓడరేవు మొదలయ్యేనాటికే అక్కడి ఇళ్లలో లక్కబొమ్మల పని సాగుతోంది.

పని చూడముచ్చటగా ఉంటుంది. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. దాన్ని లేత్‌కు బిగించి తిప్పుతూ ఉలితో ఒంపులు తీస్తారు. తిరుగుతున్న చెక్కకే రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చివర్లో మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. బొంగరాలూ లక్కపిడతలూ ఇలాగే పుడతాయి. కుండలో కుండ పట్టే లక్కపిడతలతో ఆడిన పిల్లకు పెద్దా చిన్నా, లోపలా బయటా ఎవరూ పాఠంగా చెప్పక్కర్లేదు.

లెక్క ఇంకా గట్టిగా నేర్పింది మాత్రం వామన గుంటలు. వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, మొత్తం 14 గుంటలు. గుంటకు నాలుగేసి చింతపిక్కలు వేస్తే 56. ఒక గుంటలోవి తీసి తర్వాతి గుంటలకు ఒక్కొక్కటి పంచుకుంటూ పోవాలి; చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి ఎత్తుకుని మళ్లీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి మనవే. ఎక్కడ మొదలెడితే ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో చెయ్యి పెట్టకముందే ఊహించే పిల్ల పలకా బలపం లేకుండా భాగహారం చేస్తున్నట్టే. తమిళుల పల్లాంగుళి, ఆఫ్రికా ఖండమంతా ఆడే మంకాలా ఆటలు ఈ కుటుంబానివే. పులిజూదానిది వేరే దారి. మూడు పులులు, పదిహేను మేకలు. బలం లేనివాళ్లు కలిసికట్టుగా బలమైనదాన్ని ఎలా కట్టడి చేస్తారో అందులో తెలుస్తుంది.

ఆటతో పాఠం చెప్పాలన్న పట్టుదల ఇతర దేశాల్లోనూ ఉంది. భూమి కొందరి గుప్పిట్లోకి పోతే మిగతావాళ్ల గతి ఏమిటో చూపించడానికి అమెరికాలో ఎలిజబెత్ మాగీ ఒక బోర్డు ఆట తయారుచేసి 1904లో పేటెంటు పొందింది. మొనాపలీకి మూలం అదే. పుస్తకాల్లాగే ఆటబొమ్మలనూ అరువిచ్చే పద్ధతి లాస్ ఏంజెలెస్‌లో 1935లో మొదలైంది. మన పౌర గ్రంథాలయాలకు ఇంటిపన్నుతోపాటు సెస్సు వస్తుంది. అందులో కొంత పిల్లల విభాగంలో ఆటల అల్మరాకు పెట్టడం దుబారా కాదు.

మన బడులు మాత్రం చాలాకాలం ఆటను గంట కొట్టాకే రమ్మన్నాయి. 2020 జాతీయ విద్యా విధానం ఆ గోడను కొంత పడగొట్టింది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ బొమ్మలతో బోధన మీద కరదీపిక తెచ్చింది. 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం బొమ్మలు, పజిళ్లతో ‘జాదూయీ పిటారా’ పెట్టె వచ్చింది.

ఏటికొప్పాకకు ఇది మంచి అదను. ప్లాస్టిక్ బొమ్మల పోటీ ఒకపక్క, రసాయన రంగులు మరోపక్క ఈ పనిని దెబ్బతీశాయి. సి.వి. రాజు ఆ ఊళ్లోనే ఉండి పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటివాటి నుంచి రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. పసిపిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఇది అందం కోసం చేసిన పని మాత్రమే కాదు. 2017లో బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ. 2021 జనవరి నుంచి బొమ్మలకు బీఐఎస్ నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినా, నమోదైన హస్తకళాకారులకూ భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులకూ మినహాయింపు ఇచ్చారు.

కాబట్టి బడికి కావలసిన పావులూ పాచికలూ ఈ లేత్‌ల మీద చేయించడానికి చట్టం అడ్డు కాదు. చిక్కంతా కర్రతోనే. అంకుడు అడవి చెట్టు, దొరకడం కష్టమవుతోంది. చెట్లు నాటి పెంచుకుంటే తప్ప ఆర్డర్లు వచ్చినా కళాకారుడి చేతిలో పని ఉండదు.